మూత విప్పని జామ్ సీసా

మా దగ్గర గల్ఫ్‌కు పోయేవాడి వెంట ఏదైనా పంపించాలంటే ఒక మర్యాద ఉంది. తెచ్చినవాళ్ళే మూత తీయాలి. తొక్కు అయితే గంటె అడుగుదాకా దించి కిందామీదా చేసి చూపించాలి. సకినాలైతే చాపమీద కుమ్మరించాలి. బీడీలైతే ఒక కట్ట ఊడదీసి ముక్కు దగ్గర పెట్టాలి. దీన్ని ఎవరూ తప్పుపట్టరు. తప్పుపట్టేవాళ్ళ సామాను ఎవరూ మోయరు.

భాగ్యవ్వ మూత తీయనంది. మొన్నటి ఎండాకాలం మా ఇంటిని కుదిపి కూర్చోబెట్టిన సంగతంతా ఆ ఒక్క మాట దగ్గరే మొదలైంది.

ఆమె మా ఎదురుగా ఉన్న రేకుల గదిలోకి అద్దెకు వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. మోర్తాడ్ మనిషి. మొగుడు పోయాడు, బీడీలు చుట్టుకుని బతుకుతుంది, ఒక్కగానొక్క కొడుకు శ్రవణ్ మస్కట్‌లో ఉన్నాడు. మా ఆయన నరేష్ చేసేదీ మస్కట్‌లోనే, ఏసీ గొట్టాలు బిగించే పని. కంపెనీలు వేరు, ఊరు ఒకటే. ఆ సంగతి ఎవరి నోటనో విని, ఒకరోజు పొద్దున్నే కొంగు కింద ఏదో పెట్టుకుని మా గడప ఎక్కింది. తీసి చూపిస్తే గాజు సీసా. మూత చుట్టూ తెల్లటి టేపు చుట్లు చుట్లుగా చుట్టి ఉంది.

"మామిడిపండ్ల జామ్ బిడ్డా. మా శ్రవణ్‌కు. మీ ఆయన మళ్ల పోతడు గద, జర తీస్కపోయి ఇస్తడేమో అని తెచ్చిన."

"జామా? తొక్కు కాదా పెద్దమ్మా?"

"తొక్కు నూనె కారుతదంటడు. గీ జామ్ అయితే ఆడి కుబ్బూస్ రొట్టెల రాస్కొని, తినుకుంటనే కంపెనీ బండి ఎక్కొచ్చట."

"మస్కట్ల జామ్ దొరకదా?"

"దొరుకుతది. దాంట్ల రంగు ఉంటదట గని మామిడిపండు ఉండదట."

జవాబు బాగానే ఉంది. మరీ బాగా ఉన్న జవాబంటే నాకు మొదటినుంచీ పడదు. సీసా చేతిలోకి తీసుకున్నాను. బరువుగా తోచింది.

"సరే, ఒక్కసారి మూత తియ్యి."

"అది తియ్యరాదు బిడ్డా. మా సంఘం ట్రైనింగుల మేడం మంచిగ చెప్పింది. వేడి మీదనే నింపి మూత పెట్టాలె, మళ్ల తినేనాడే ఇప్పాలె. నడుమల ఇప్పితె గాలి సొచ్చి బూజు వడుతది."

కమ్మర్‌పల్లి దిక్కు ఒకతను, ఎవరో ఇచ్చిన తొక్కు డబ్బా పట్టుకుపోతే దాని అడుగున గంజాయి దొరికిందట. పాపం ఏమీ ఎరగనివాడు అక్కడి జైల్లో ఏళ్ళకేళ్ళు మగ్గాడట. మా వీధిలో అతన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అతని కథ తెలియనివాళ్ళూ లేరు. మా ఆయన ప్రయాణం దగ్గరపడ్డప్పుడల్లా ఆ కథ నా గొంతులో ముల్లులా అడ్డం పడుతుంది. ఆయన కష్టం మీదే మా ఇల్లు నడుస్తోంది. ఆయన ఎయిర్‌పోర్టులో దొరికిపోతే నేనూ మా అత్తా ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

"ఆయన్ను అడిగి చెప్త," అని సీసా తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర సంగతి చెప్పాను. మా అత్త లసుమవ్వ వక్క కొరుకుతూ, "నిప్పు లేకుంట పొగ రాదు. ఇప్పను అన్నదంటే ఏదో ఉన్నట్టే," అంది. అత్త ఏదైనా తేల్చేస్తే ఇక దానికి పైకోర్టు లేదు.

మా ఆయన అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు.

"తీస్కపోనని చెప్పు. ఆమెదే కాదు, ఎవల సామానైనా సరే. ఒక్క పొట్లం గూడ ఇంట్లకు రానియ్యకు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదివరకైతే ఆయనకు కాదనడం చేతకాదు. వాళ్ళవీ వీళ్ళవీ పొట్లాలు సర్ది, చోటు చాలక తన బట్టలు తీసి పక్కన పెట్టేవాడు. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందనుకుని ఇంకో గంటెడు పప్పు వేశాను.

ఆయన వచ్చింది హోలీ ముందు. మా వీధిలో గల్ఫ్ నుంచి మనిషి దిగితే "ఎప్పుడొచ్చినవ్" అని అడిగిన నోటితోనే, ఊపిరైనా తీయకుండా, "మళ్లెప్పుడు పోతున్నవ్" అని అడుగుతారు. పాలవాడు అడుగుతాడు, గుడి దగ్గర పంతులు అడుగుతాడు. ఆటో దిగిన ఆయన చేతిలోంచి బ్యాగు అందుకుంటూ నేనూ అడిగాను. "ఎండలు ముదిరినంక," అన్నాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఏజెంటు దగ్గరికని బయలుదేరి, ఎండ నెత్తికెక్కాక తిరిగి వస్తున్నాడు. టికెట్ ఏదంటే అదిగో అంటాడు, ఇదిగో అంటాడు.

ఆ సంగతి నా బుర్రకెక్కలేదు. నా కళ్ళు రెండూ ఎదురింటి మీద ఉన్నాయి మరి.

మా వంటింటి కిటికీలోంచి భాగ్యవ్వ గుమ్మం చక్కగా కనిపిస్తుంది. తునికాకు గంపలతో ఆడవాళ్ళు రావడం, పోవడం. ఒకరోజు హెల్మెట్ తీయకుండానే లోపలికి పోయి, అట్లాగే బయటికొచ్చిన మనిషి. పట్టపగలు తలుపు దగ్గరేసుకుని లోపల ఏదో ఉడికించడం. తీపి వాసన వీధంతా కమ్ముకునేది. ఇంత వాసన ఎందుకు? ఇంకో వాసన కప్పిపెట్టడానికా? అనుమానానికి అన్నం పెట్టనక్కర్లేదు, కూర్చోవడానికి చోటిస్తే చాలు. దాని మేత అదే వెతుక్కుంటుంది.

ఆగలేక అత్తను పంపించాను. వక్క అడిగే నెపం మీద పోయి, చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైంది అత్తమ్మా?"

"యాలకులేసింది. మస్తుంది."

"జామ్ సంగతి కాదు. ఏమన్న తేడా కొట్టిందా?"

"గంజాయి వాసనైతే రాలే."

"గంజాయి వాసన నీకెట్ల తెల్సు?"

"నాకేం తెల్సు? గందుకే రాలే అంటున్న." చాపమీద కాళ్ళు జాపుకుని కూర్చుంది. "హెల్మెట్ పెట్టుకొని వచ్చినోడు గ్యాస్‌బండ ఇచ్చెటోడు. నీ మొగుడు తెచ్చిన టీవీల నాటకాలు చూసీ చూసీ నీకు మతి ఖరాబైంది."

గుమ్మం దాటి పోయేటప్పుడు నా తరఫున పోయిన మనిషి, ఒక్క గంటెడు జామ్‌తో అటుపక్కకు మారిపోయి వచ్చింది.

ఆ మరునాడే భాగ్యవ్వ వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు. నిలబడే మాట్లాడింది.

"నీకు అనుమానం ఉన్నది బిడ్డా. ఉండాలె. నీ మొగుడు పైలంగ పోవాలని నీకుండదా? నేనొక మాట చెప్త విను. నీ పొయ్యి, నీ గిన్నె, నీ చక్కెర. పండ్లు గూడ నువ్వే తే. నీ కండ్ల ముంగటనే వండుత. మూత నువ్వే పెట్టు, టేపు నువ్వే చుట్టు. గప్పుడు గూడ వద్దంటవా?"

ఇక వద్దనడానికి నా దగ్గర ఏం మిగిలింది? మా ఆయనకు చెప్పకుండానే ఒప్పుకున్నాను. పైకి ఒప్పుకున్నానే గానీ, ఆమె చేతులమీంచి చూపు తిప్పకూడదని లోపల ఒట్టు పెట్టుకున్నాను.

అంగడికి పోయి పీచు లేని పండ్లు ఏరి తెచ్చాను. ఆమె స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వస్తూనే నా చేతులు పట్టి చూసింది.

"పసుపు ముట్టినవా? మంచిగ కడుక్కో. సీసను పసుపు చెయ్యితోని పట్టద్దు."

"కూరల వేసిన పసుపే, పోతది తియ్యి."

"గది పోతది. పాలిష్ దుమ్ము అయితేనే పోదు." కుంకుడురసం నా చేతుల్లో పోస్తూ చెప్పింది. "పదేండ్లు చేసిన గా పని. డ్రమ్ముల పసుపు కొమ్ములేసి తిప్పుతుంటె లేస్తది చూడు దుమ్ము, గోర్లల్ల సొస్తది, వేలి గీతల్ల సొస్తది. ఏడ చెయ్యి పెడితె ఆడ అచ్చు. ఎన్ని కడిగినా నెల దాక పోదు. దగ్గు పట్టి నేను మానేసిన గని, గోడల మీద నా వేళ్ళు ఇంక ఉండొచ్చు."

తొక్క తీసి, ముక్కలు కోసి, గుజ్జు పిసికింది. గుజ్జుకు సమంగా చక్కెర పోసి సన్నమంట పెట్టింది. కట్టె తెడ్డు ఆపకుండా తిప్పుతోంది. నేను ఎదురుగా పీట వేసుకుని, పరీక్షలో కాపీ పట్టే సారులా కూర్చున్నాను. అత్త గడపలో కూర్చుని మా ఇద్దరినీ చూసి నవ్వుతోంది. గుజ్జు బుడబుడమంటూ బంగారం రంగుకు తిరిగింది. అప్పుడు భాగ్యవ్వ ఎడమచేత్తో నడుము దగ్గరున్న గుడ్డ సంచి విప్పి, చిన్న కాగితం పొట్లం తీసింది.

పీట మీంచి లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏందది?"

"నిమ్మ ఉప్పు."

"ఇప్పు."

విప్పింది. తెల్లటి పలుకులు. నేను ఏమీ అనకముందే చిటికెడు తీసి తన నాలుక మీద వేసుకుంది. ఇంకో చిటికెడు నా ముందు పెట్టింది. వేసుకున్నాను. పళ్ళు పులిసి, ఒళ్ళు జలదరించి, కళ్ళు గట్టిగా మూతపడ్డాయి. తెరిచి చూసేసరికి అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. భాగ్యవ్వ నవ్వలేదు. "గిది వేస్తేనే జామ్ గడ్డకడుతది," అని తెడ్డు తిప్పుతూ పోయింది.

సిగ్గనిపించింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "కొడుకంటే అంత ప్రేమ, అంత పావురమా పెద్దమ్మా, ఇంత తిప్పలు పడుతున్నవ్?" అన్నాను.

ఆమె గిన్నెలో నీళ్ళు తీసుకుని జామ్ చుక్క వేసింది. చుక్క నీళ్ళలో పరుచుకుంది. ఇంకా కావాలన్నట్టు తల ఊపి, మళ్ళీ తెడ్డు అందుకుంది.

"నా ఫికరంత జామ్ గురించి కాదు బిడ్డా. వాడు ఆర్నెల్ల సంది ముఖం చూపిస్తలేడు. ఫోన్ చేస్తడు, మంచిగనే మాట్లాడుతడు. వీడియో పెట్టురా అంటె నెట్ లేదంటడు. ఓనాడు కెమెరా పగిలిందంటడు. ఆనికి కాలు ఉన్నదో చెయ్యి ఉన్నదో నాకెట్ల తెల్వాలె? మీ ఆయన వాని చేతులల్ల గీ సీస పెట్టి, వాడు తినంగ ఒక్క ఫోటో తీసి పంపితె సాలు. జామ్ గాకుంటె రాయి ఇచ్చి పంపుదును."

ఈసారి చుక్క నీళ్ళలో చెదరకుండా ముత్యంలా అడుక్కు దిగింది. ఇన్నాళ్ళూ నేను ఆమె గుమ్మం వైపు చూస్తుంటే, ఆమె మస్కట్ వైపు చూస్తోంది. ఆమెదీ అనుమానమే, నాదాని కంటే పెద్దది.

ఉడికించి ఆరబెట్టిన సీసాలో వేడివేడిగా నింపాం. మూత నేనే బిగించాను. తెల్లటి టేపు నేనే చుట్టాను, చిన్న మరక కూడా లేకుండా.

అప్పుడే మా ఆయన వచ్చాడు. గుమ్మంలోనే ఆగి సీసా చూశాడు.

"వద్దని చెప్పిన గద?"

"నా కండ్ల ముంగటనే చేసింది. మూత పెట్టింది నేనే. ఇగ దీంట్ల భయపడేదేం లేదు."

భాగ్యవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. "బాబూ, వాని చేతుల పెట్టి ఒక్క ఫోటో కొట్టు. పాపం అనుకో."

"వాళ్ళ క్యాంపు మస్తు దూరం పెద్దమ్మా."

"శుక్రవారం సెలవే గద నాయనా?"

మా ఆయన కుండలోంచి నీళ్ళు ముంచుకుని నిలబడే తాగాడు. చెంబు బోర్లించాడు. బోర్లించినదాన్ని మళ్ళీ వెల్లకిలా పెట్టాడు. "చూస్త," అని మేడమీదికి పోయాడు.

ఆమె ఆ ఒక్క మాటకే రెండు చేతులూ జోడించింది.

బ్యాగు సర్దే రోజు కాంటాకు తగిలిస్తే బరువు ఎక్కువైంది. జామ్ సీసా తీసేయమంటాడేమోనని నేను ముందే అడ్డం పడ్డాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "తొక్కు తీసెయ్యి," అన్నాడు.

ఆవకాయ తొక్కు. ప్రతిసారీ బ్యాగులో బట్టలు లేకపోయినా సరే, తొక్కు డబ్బా లేకుండా కదలని మనిషి. అది లేకపోతే ఆ దేశంలో అన్నం గొంతు దిగదని ఒట్లు వేసే మనిషి. గల్ఫ్ పోయేవాడు తొక్కు వద్దంటాడా? నా చెవిలో ఏదో చిన్నగా గంట కొట్టింది.

ఆ గంట మోగడం మొదలయ్యాక ఆగలేదు. ఫోన్ వస్తే మేడమీదికి పోతున్నాడు. ఓ రోజు బట్టలు ఆరేసే నెపంతో మెట్ల దాకా పోయాను. "ఆతా హూఁ సేట్, జరూర్ ఆతా హూఁ," అని తప్పక వస్తానని మాట ఇస్తున్నాడు. సేట్ అంటే మగవాడే, సరే. ఆ సేట్ పక్కన ఇంకెవరో ఉండకూడదని ఏముంది? దుబాయిలో ఇంకో సంసారం పెట్టుకున్న మోర్తాడ్ మేస్త్రీ సంగతి కూడా మా వీధికి తెలుసు. నా అనుమానం ఎదురింటి గుమ్మం దిగి, రోడ్డు దాటి, మా ఇంటి మెట్లెక్కి కూర్చుంది. అత్తతో చెప్పుకోలేదు. ఆయన్ను అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం.

పోయేరోజు శంషాబాద్ దాకా ఎవరూ రావొద్దన్నాడు. ప్రతిసారీ బండి మాట్లాడుకుని, నవ్వుకుంటూ పోయి, ఏడ్చుకుంటూ వచ్చేవాళ్ళం. ఈసారి బస్టాండ్ దాకానే. హైదరాబాద్ బస్సు మా ముందే నిలబడి ఉంది. ఆయన దాన్ని దాటుకుని పోయి నిజామాబాద్ బస్సు ఎక్కాడు.

"ఏజెంటు ఆడికెల్లి బండి పెట్టిండు," అన్నాడు కిటికీలోంచి.

"పైలం," అన్నాను. ఆ బస్సు ఎటు పోతున్నా సరే, నా మొగుడు నాకు తిరిగి దక్కాలని మొక్కుకున్నాను.

వారం దాటింది. ఇదివరకు ఫోన్లో ముఖం చూపించి, గదిలో ఉన్న వాళ్ళందరితో నమస్తే పెట్టించేవాడు. ఈసారి అన్నీ గొంతు మెసేజీలే. వీడియో పెట్టమంటే "నెట్ మంచిగ లేదు" అన్నాడు. ఆ మాట ఇంతకుముందు ఎక్కడ విన్నానో నాకు గుర్తుచేయడానికన్నట్టు, భాగ్యవ్వ రోజూ పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

"ఫోటో వచ్చిందా బిడ్డా?"

నేను ఆయన్ను పోరాను. అలిగాను. అన్నం తిననని బెదిరించాను. చివరికి ఒక మధ్యాహ్నం ఫోటో వచ్చింది. ముందుగా నేను చూడకుండానే ఎదురింటికి కేక వేశాను. అత్త కూడా కళ్ళజోడు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

ఫోటోలో శ్రవణ్ లేడు. గోనెసంచి మీద సీసా ఒక్కటే ఉంది.

"వాడేడి?" అంది భాగ్యవ్వ.

"డ్యూటీల ఉన్నడట, వచ్చినంక ఇస్తడట," అని మెసేజీలో ఉన్నది చదివాను.

"మూత గూడ ఇప్పలే ఇంక." ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. పొగాకు మరకల వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిప్పి, మెల్లగా అడిగింది.

"బిడ్డా, మస్కట్ల గూడ పసుపు పాలిష్ పడుతరా?"

నేను చుట్టిన తెల్లటి టేపు మీద పచ్చటి బొటనవేలి అచ్చు. గీతలు గీతలుగా, స్పష్టంగా. పక్కనే ఇంకో రెండు వేళ్ళవి.

అత్త వక్క నమలడం ఆపేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి మాటేమో గానీ, భాగ్యవ్వ పట్టింది. పట్టినదాన్ని వీధిలో వేయకుండా, ఫోన్ నా ఒళ్ళో పెట్టి, లేచి వెళ్ళిపోయింది. ఎవరి సీసాలోనైతే పాపం దాగి ఉందని నేను వారాల తరబడి కాపలా కాశానో, ఆమె ముందు నా తల ఎత్తలేకపోయాను. కోపం వచ్చింది. దానికంటే ముందు ఏడుపు వచ్చింది.

అప్పుడే ఫోన్ చేశాను. వెనకాల గరగరమని ఏదో తిరుగుతున్న చప్పుడు. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది పసుపు పాలిష్ డ్రమ్ము చప్పుడని ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఏ ఊర్ల ఉన్నవ్?"

చప్పుడు దూరమైంది. ఆయన బయటికి నడిచాడనుకుంటాను.

"సాంగ్లి," అన్నాడు. "ఈడ పసుపు షెడ్డుల."

కంపెనీ మూతపడిందట. అందరితో పాటు ఈయన్నూ హోలీ ముందే పంపించేశారట. ఏజెంటు దగ్గరికి పోతున్నానని చెప్పిన పొద్దులన్నీ నిజామాబాద్ మార్కెట్ యార్డులో పని కోసం తిరిగాడట. తెలిసినవాళ్ళ కళ్ళ ముందు హమాలీ చేయలేక, అక్కడ పరిచయమైన సేట్‌ను పట్టుకుని, రాష్ట్రం దాటి సాంగ్లికి పోయాడట. ఇంకో ఆడది ఉందేమోనని కుమిలిపోయిన నాకు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్క క్షణం సంతోషమే కలిగింది.

"జామ్ తిన్నవా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"లేదు. అది నాది కాదు గద."

"అయితే పట్టుకొని రా. ఇచ్చినామెకు నువ్వే ఇయ్యాలె."

తొలకరి పడ్డాక వచ్చాడు. బ్యాగు అందుకున్నాను. ఈసారి నోరు విప్పలేదు. గోళ్ళ చుట్టూ పచ్చగా, ముఖం నల్లబడి, ఏడేళ్ళ మస్కట్ ఎండ చేయని పని సాంగ్లి చేసి పెట్టింది. అత్త ఆయన తల నిమిరి, ఏమీ అడగకుండా పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాళ్ళు కడుక్కున్నాక ఆయన తువ్వాలలో చుట్టిన సీసా బయటికి తీశాడు. నేను భాగ్యవ్వను పిలుచుకొచ్చాను.

ఆమె చాపమీద కూర్చుంది. ఆయన సీసా ఆమె ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాఫ్ చెయ్యి పెద్దమ్మా. అబద్ధం ఆడిన."

ఆమె టేపు ఊడదీసింది. మూత తిప్పింది. నన్ను గంటె అడిగింది. ఇచ్చాను. మా దగ్గరి మర్యాద ప్రకారం గంటెను అడుగుదాకా దించి, కిందామీదా చేసి, పైకి తీసి వెలుగులో చూసింది. తర్వాత నాకు చూపించింది.

"ఏం లేదు బిడ్డా. మామిడిపండే."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఆ గంటెను మా ఆయన నోటికి అందించింది. "తిను. ఇన్నొద్దులు మోసినవ్." ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. మింగలేక మింగాడు.

"ఒక్కటి అడుగుత, చెప్పు నాయనా. పని పోయినోడు ఇంట్ల ఎందుకు చెప్పడు?"

ఆయన నావైపు చూడలేదు. "చెప్దామనే వచ్చిన పెద్దమ్మా. ఆటో దిగంగనే మళ్లెప్పుడు పోతవని అడిగిన్రు. ఇగ నోరు రాలే."

వీధిలో పాలవాడి బండి పోతోంది. అత్త పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. నేను గోడకు ఆనుకున్నాను. బ్యాగు అందుకున్న నా చేతులు, అడిగిన నా నోరు, అన్నీ ఆ హోలీ ముందటి పొద్దున అక్కడే ఉన్నాయి. ఆయన ఇప్పుడు పక్కనే పెర్కిట్‌లో పసుపు పాలిష్ షెడ్డుకు పోతాడు, అందరి కళ్ళ ముందే. ఎవరైనా మళ్ళీ ఎప్పుడని అడిగితే నేనే ముందుకొచ్చి, పోడని చెబుతాను. ఆ రోజు మాత్రం పోయి ఆయన పక్కన నిలబడ్డాను.

భాగ్యవ్వ ఫోన్ తీసింది. గొంతు మెసేజీ పెట్టడానికి మీట నొక్కమని నన్నే అడిగింది. నొక్కి పట్టుకున్నాను.

"శ్రవణ్, అమ్మను రా. నువ్వు ఏడున్నా మంచిదే. మస్కట్ల ఉన్నా, ఇంకేడన్న ఉన్నా. ఒక్కపారి ముఖం చూపియ్యి బిడ్డా. మళ్లెప్పుడు పోతవని నేను అడగ."

మెసేజీ పోయింది. ఆమె చాలాసేపు ఆ ఫోన్ వంకే చూసి, తర్వాత సీసా మూత బిగించి నా చేతికిచ్చింది.

"మా ఇంట్ల ఫ్రిజ్ లేదు. మీ ఇంట్ల పెట్టు బిడ్డా. ఇప్పిన జామ్ ఎక్కువ దినాలు ఆగది. వాడు జల్ది రావాలె."